పదమూడత్త మూడు చూపించిన వేళ

ఇక మీదట రోజూ పొద్దున్నే అందరం నిలబడి కాసేపు మాట్లాడుకుందామని కూతురు అన్న రోజున తల్లి గుండె కిందికి జారింది. ఆవిడ ఎరిగినంతలో మనుషుల్ని కూర్చోబెట్టకుండా చెప్పే మాటలు రెండే. ఒకటి ఆపరేషను గది బయట డాక్టరు చెప్పేది. రెండోది పనిలోంచి తీసేస్తూ యజమాని చెప్పేది. మంచి కబురైతే కుర్చీ వేసి చెప్పరూ?

తెరలు కుట్టే ఆ షెడ్డులో ఆవిడ ఏళ్ల తరబడి అంచులు కుడుతోంది. చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోదు. వంకరంతా మనసులోనే. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతుంది. దొంగల కంటే ముందు నువ్వే ఆ తాళం ఊడబెరికేలా ఉన్నావని కూతురు చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది. కూతురు నవ్విందంటే జ్వరం తగిలి నవ్వుతోందేమోనని నుదురు తాకి చూసే మనిషి ఆవిడ.

ఆ కూతురే ఇప్పుడు షెడ్డుకి పెద్ద. పెద్ద అంటే పూర్తిగా కాదు, పరీక్ష మీద పెద్ద. అసలు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నడుము పట్టేసి మంచం ఎక్కిన సమయానికే కొత్తగా కడుతున్న ఆసుపత్రి నుంచి పెద్ద పని వచ్చింది. రెండంతస్తుల్లోనూ ప్రతి మంచం చుట్టూ లాక్కునే తెరలు కుట్టాలి. అప్పటికి కూతురు, తను పనిచేసే కంప్యూటర్ కంపెనీ మూతపడి ఇంట్లోనే ఉంది. అక్కడ ఆమె పని, పదిమంది చేసే పనిని ఒక దారిలో పెట్టడం. పెద్దాయన ఆమెను పిలిపించి, ఈ ఒక్క ఆర్డరూ నడిపించి చూపించు, సరిగ్గా తేలిస్తే షెడ్డు నువ్వే చూసుకో, తేలకపోతే మా మేనల్లుడు ఎలాగూ ఉన్నాడు అన్నాడు. ఆ మేనల్లుడు రోజూ పొద్దున్నే తాళాలగుత్తి వేలికి తిప్పుకుంటూ వచ్చి తలుపు తీసేవాడు. ఆ గుత్తి గలగల వింటే చాలు, తల్లి కూతురి మొహం వైపు చూసేది.

కూతురు పాత ఆఫీసులో నేర్చుకున్న పద్ధతి తెచ్చింది. దాని పేరు ఎజైల్ అట. పేరు వినగానే తల్లికి అది పడని మందు పేరులా తోచింది. కటింగ్ మాస్టారికి పేరుతో పని లేదు గాని, ఇన్నేళ్లూ కూర్చుని కుట్టినవాళ్లం, ఇప్పుడు నిలబడి కుట్టాలా అని మెల్లగా ఒక చురక వేశాడు. కూతురు నవ్వి, కొండంత పనిని ఒక్కసారే నెత్తికెత్తుకోవద్దు, వారానికి సరిపడా ముక్క తుంచుకుందాం, ఆ ముక్కని మొత్తం పూర్తిచేసి వాడేవాళ్లకి చూపిద్దాం, వాళ్లన్న మాట విని రెండో ముక్క పట్టుకుందాం అంది. పొద్దున్నే నిలబడేది ఎందుకంటే, కూర్చుంటే కబుర్లు సాగుతాయి, నిలబడితే కాళ్లు నొప్పెట్టి ఊరుకుంటాం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకేమైనా అడ్డముందా, అంతే.

గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసి మూడు అరలు చేసింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికీ ఒక్కో రంగు కాగితం. ఆ కాగితాలు మూడో అరలోకి చేరినకొద్దీ తల్లికి ఊపిరి ఆడేది. అయినా ఇంటికి వెళ్లేముందు వాటిని వేలితో నొక్కి వెళ్లేది. రాత్రికి రాత్రి ఊడి మొదటి అరలో పడితే?

మొదటి వారం చివర ఆసుపత్రి హెడ్ నర్సు వచ్చింది. షెడ్డులో బిగించిన కమ్మీకి తెర తగిలించి సర్రున లాగి చూసి, కొక్కేలు కిర్రుమంటున్నాయమ్మా, ఒకళ్లకి తెర లాగితే వార్డంతా లేచి కూర్చుంటుంది అని పెదవి విరిచింది. అయిపోయింది, కూతురి పని అయిపోయిందనుకుంది తల్లి. కూతురేమో సంతోషంగా ఆ మాట రాసుకుంది. ఒక్క వారం తెరలతోనే తెలిసింది కాబట్టి సరిపోయింది, రెండంతస్తులూ కుట్టాక తెలిస్తే ఏం చేసేవాళ్లమంది. కొక్కేలు మార్చేశారు. తిట్టు కూడా ముందే తింటే తేలిగ్గా అరుగుతుందన్నమాట అనుకుంది తల్లి. ఆ పద్ధతి మీద మొదటిసారి ఆవిడకి కొంచెం నమ్మకం కుదిరింది.

అన్నిటికంటే ఆవిడకి నచ్చింది మాత్రం అట్టముక్కల ఆట. వారం మొదట్లో ఏ పని ఎంత కష్టమో తేల్చడానికి కూతురు అందరికీ పేకముక్కల్లాంటి అట్టలు పంచింది. వాటి మీద ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు అంకెలు. సులువైన పనికి చిన్న అంకె, మోయలేని పనికి పెద్ద అంకె. ఎవరి ముక్క వాళ్లు బోర్లా పెట్టుకుని, ఊఁ అనగానే అందరూ ఒక్కసారే తిప్పాలి. అందరికంటే పెద్ద అంకె చూపించినవాళ్లూ, చిన్న అంకె చూపించినవాళ్లూ ఎందుకో చెప్పాలి. చెప్పేదాకా మిగతావాళ్లు నోరెత్తకూడదు.

తల్లి ప్రతిసారీ పదమూడే చూపించింది.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ 'ఒకవేళ' అని నోరు తెరిస్తే చివరిదాకా విన్నవాళ్లు లేరు. ఇంట్లోవాళ్లయినా, చుట్టాలయినా 'మొదలెట్టావా' అని అడ్డుతగిలేవాళ్లే. ఇక్కడ వినడం ఆటలో నియమం. ఒకవేళ ఉతికితే ఈ గుడ్డ కుంచించుకుపోతే? ఒకవేళ దారం రంగు దిగితే? ఒకవేళ పెద్ద వాన పడి రేకుల సందుల్లోంచి తాన్ల మీద కారితే? దారం రంగు దిగలేదు, వానా పడలేదు. గుడ్డ మాత్రం ఉతికి ఆరేస్తే నాలుగు వేళ్ల మేర కుంచించుకుపోయింది. మాస్టారు కిక్కురుమనకుండా ఆ మేర కలుపుకుని కోశాడు. ఆవిడ భయాల్లో చాలావరకు పొట్టే, కాని పొట్టు చెరిగితేనే గదా గింజ కనపడేది. పోగులూడకుండా అంచు కట్టే ఓవర్‌లాక్ మిషను మీద కూర్చునే అమ్మాయి ఆవిడకి పదమూడత్త అని పేరు పెట్టింది. వారం తిరిగేసరికి షెడ్డంతా అదే పిలుపు.

"కీడెంచి మేలెంచమన్నారు చెల్లెమ్మా," అన్నాడు మాస్టారు ఒకనాడు టీ తాగుతూ. "నువ్వు కీడెంచడం వరకే చదువుకున్నట్టున్నావు. మేలెంచడం పై క్లాసులో ఉంటుంది."

ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, గ్లాసు అంచు పగిలి ఉందేమోనని వేలితో తడిమి మరీ తాగింది.

కింది అంతస్తు తెరలు అలా అలా అయిపోయాయి. ఇక మిగిలింది పై అంతస్తు. ఆ వారం ముక్కలాట చూడటానికి పెద్దాయన నడుముకి పట్టీ బిగించుకుని, మేనల్లుడి భుజం పట్టుకుని వచ్చాడు. తల్లి గుమ్మం పక్కన దారపు కండెలు సర్దుతోంది. ఆవిడ ఎవరో ఆయనకి తెలియకపోలేదు గాని చూసుకోలేదు. లోపలికొస్తూనే కూతురితో అన్నాడు:

"ఎవరో ప్రతిదానికీ పదమూడు అంటున్నారటగా. నీ జట్టుకి ఆ మాత్రం ధైర్యం లేకపోతే నువ్వేం నడిపిస్తావమ్మాయ్?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. మేనల్లుడు తాళాలగుత్తి ఒకసారి గలగలలాడించాడు. కూతురు ఏం జవాబు చెప్పిందో తల్లి చెవికి ఎక్కలేదు. బిడ్డ నోటి దగ్గర కూడు నా నోటి మూలంగా పోతుందా అనుకుంది.

కూతురు పై అంతస్తు కాగితం చేతిలో పట్టుకుంది. అందరూ ముక్కలు బోర్లా పెట్టారు. ఊఁ అనగానే తిప్పారు. మాస్టారిది అయిదు, ఓవర్‌లాక్ అమ్మాయిది అయిదు, ఇస్త్రీ ఆయనది ఎనిమిది. తల్లిది మూడు.

ఓవర్‌లాక్ అమ్మాయి మెడ సాచి, ఆ మూడు పక్కన ఒకటి వేలు కింద దాక్కుందేమోనని చూసింది. చిన్న అంకె చూపించినవాళ్లు కారణం చెప్పాలి కాబట్టి కూతురు తల్లివైపు తిరిగింది. ఏముంది, కింద కుట్టినవేగా, చెయ్యి తిరిగిన పనేనంది తల్లి, దారపు కండెని చూస్తూ.

"పదమూడత్తే మూడందంటే ఇంక దిగులేముంది!" అన్నాడు మాస్టారు. ఇస్త్రీ ఆయన తన ఎనిమిదిని జేబులో పెట్టేసుకున్నాడు. పై అంతస్తు మొత్తం ఆ ఒక్క వారంలోనే తేల్చాలనుకున్నారు. పెద్దాయన తల ఊపి వెళ్లిపోయాడు. కూతురు మాత్రం తల్లినే ఒక క్షణం ఎక్కువగా చూసి, కాగితం తీసుకెళ్లి గోడకి అంటించింది.

తల్లి మింగేసిన మాట ఒకటుంది. పై అంతస్తులో కమ్మీలు కింది అంతస్తు ఎత్తులోనే బిగించారా? ఎవరైనా ఎక్కి కొలిచారా? మామూలుగా అయితే ఆ మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడేది, మాస్టారు గొణుక్కుంటూ టేపు పట్టుకుని పోయేవాడు. ఈసారి ఎవరూ గొణుక్కోలేదు. ఎవరూ పోలేదు. ఆవిడ భయపడుతుందిగా అని మిగతావాళ్లంతా భయపడటం మానేసి చాలా రోజులయింది.

మర్నాడు పొద్దున నిలబడి మాట్లాడుకునేటప్పుడు, నీకేమైనా అడ్డముందా అంటే లేదంది. ఆ మర్నాడూ లేదంది. అడ్డమంతా గొంతులో ఉంటే ఏం చెబుతుంది? అంచు కుడుతుంటే దారం తెగేది. ఎన్నడూ లేనిది కుట్టు ముడతలు పడింది. ఎవరూ చూడకుండా విప్పి మళ్లీ కుట్టింది. ఇంట్లో కూతురు అన్నం కెలుకుతూ కూర్చుంటే, ఏమ్మా అలా ఉన్నావని అడగబోయి ఊరుకుంది. అడిగితే తన నోరు తన మాట వినదని ఆవిడకి తెలుసు. తాళం విషయంలో కూడా ఏదో తేడా జరిగింది. ఎన్నిసార్లు లాగిందో లెక్క తప్పి, మలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చింది.

తర్వాతి రోజు మేనల్లుడు తలుపు తీసి వెళ్లిపోకుండా గోడకానుకుని నిలబడ్డాడు. పెద్దాయన చూసి రమ్మన్నాడట. వరుసగా ఎవరి మాట వాళ్లు చెబుతున్నారు. మాస్టారి వంతు వచ్చింది. బల్ల మీద పై అంతస్తు తాన్లన్నీ పరిచి ఉన్నాయి. కింది అంతస్తు కొలతకే సుద్దగీతలు గీసి ఉన్నాయి. పెద్ద కత్తెర చేతిలోనే ఉంది.

ఇవాళ ఇవన్నీ కోసేస్తాను, నాకేం అడ్డం లేదన్నాడు మాస్టారు.

కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. మాట తప్పితే సర్దుకోవచ్చు. కోసిన గుడ్డ అతకదు. ఆవిడ బతుకంతా గుడ్డతోనే గడిచింది, ఇంకేం తెలిసినా తెలియకపోయినా ఇది తెలుసు.

"అన్నయ్యా, ఆగు," అంది.

అందరూ తిరిగి చూశారు. తల్లి చెంగు వేళ్లకి చుట్టుకుంటూ, నేలని చూస్తూ చెప్పింది.

"నా ముక్క పదమూడు. ఆ రోజు మూడు చూపించింది అబద్ధం. పైన కమ్మీలు ఎంత ఎత్తున ఉన్నాయో మనలో ఎవరం చూడలేదు. నాకు మొదటినుంచీ ఆ భయం ఉంది. పెద్దాయన మాట విని, నా పిల్ల ఎక్కడ చిన్నబోతుందోనని నోరు కుట్టేసుకున్నాను."

మేనల్లుడు నవ్వాడు. మూడు కాస్తా పదమూడయింది, రేపటికి ముప్పై అవుతుందన్నాడు.

"నాయనా, కోసిన గుడ్డని అతికే కత్తెర నీ దగ్గరుంటే తెచ్చివ్వు, ఇప్పుడే కోసేస్తాను," అన్నాడు మాస్టారు. తన చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

తల్లి కూతురి మొహం చూడలేకపోయింది. కూతురు గోడ దగ్గరికి వెళ్లింది. చేస్తున్నవి అనే అరలోంచి పై అంతస్తు కాగితం పీకి, మళ్లీ చేయాల్సినవి అనే అరలో అంటించింది. అందరూ చూస్తుండగానే అంటించింది. తర్వాత తల్లి దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"నువ్వు పదమూడు చూపిస్తేనే నాకు ధీమా అమ్మా. నువ్వు మూడు చూపించినప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు."

"మరి అడగలేదేమే?"

"పదిమందిలో అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

తల్లికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిట్లో ఏది ముందు బయటపెట్టాలో తెలియక ముక్కు చీదింది.

మాస్టారు టేపు జేబులో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఆయన ఫోను వచ్చేదాకా షెడ్డులో మిషన్లు తిరిగాయన్న మాటేగాని ఎవరి ధ్యాసా కుట్టు మీద లేదు. తల్లి రెండు రకాలుగా భయపడింది. కొలత తేడా ఉంటే ఇప్పుడిక పని ఎలా తేలుతుందని ఒక భయం. కొలత సరిగ్గా ఉంటే, ఉత్తి పుణ్యానికి పని ఆపించానని పెద్దాయన కూతుర్ని తీసేస్తాడని ఇంకో భయం. మంచి జరిగినా చెడు జరిగినా నష్టమే వచ్చేలా భయపడటం అందరికీ చేతకాదు.

ఫోను మోగింది. కూతురు అందరికీ వినపడేలా పెట్టింది.

కమ్మీలన్నీ కింద ఉన్న ఎత్తులోనే ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదన్నాడు మాస్టారు.

మేనల్లుడు తాళాలగుత్తి తీశాడు. తల్లి స్టూలు మీద కూలబడింది.

"అయితే వినండి," అన్నాడు మాస్టారు ఫోనులో. నిచ్చెన ఎక్కి కొలుస్తుంటే హెడ్ నర్సు చూసి, మీరొచ్చింది మంచిదయింది, నేనే కబురు పెడదామనుకుంటున్నాను అందట. పై అంతస్తంతా చిన్నపిల్లల వార్డు చేయాలని నిన్ననే తేల్చారట. నేలదాకా తెర ఉంటే పిల్లలు పట్టుకుని ఊగుతారు, దాని కింద దాక్కుంటారు, నర్సులకి మంచం దగ్గర ఎవరున్నారో కనపడదు. అందుకని పెద్దవాళ్ల మోకాలికి కాస్త పైకి ఆగిపోవాలి. పొట్టి తెరలే చాలు. పైగా మొదట తెరిచేది ఒక్క గదే, మిగతావి సావకాశంగా ఇవ్వచ్చు.

షెడ్డులో ముందు ఇస్త్రీ ఆయన నవ్వాడు. తర్వాత ఓవర్‌లాక్ అమ్మాయి. కోసి ఉంటే ఏమయ్యేదో అందరికీ కళ్లకు కట్టింది. ఒక్కో తెరకీ కొంత చొప్పున ఇంత మంచి గుడ్డ ముక్కలపాలయ్యేది. అంచులన్నీ విప్పి మళ్లీ కుట్టాలి. వారం కాదు గదా, ఎన్ని వారాలు పట్టేదో. ఇప్పుడు కోయకముందే తెలిసింది. గుడ్డ మిగిలింది, పని సగానికి తగ్గింది. మొయ్యలేననుకున్న మూట దించి చూస్తే అందులో సగం దూదేనని తేలినట్టయింది తల్లికి.

"అత్తా, నువ్వు భయపడింది జరగలేదు. భయపడనిది జరిగింది," అంది ఓవర్‌లాక్ అమ్మాయి. "ఈ లెక్క ఎలా రాసుకోవాలి?"

రాసుకోవద్దు, నిచ్చెన ఎక్కించింది చాలు అంది కూతురు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. జలుబేమోనని తల్లి అనుకోలేదు. ఎప్పుడూ అనుకునే మాట ఆ ఒక్కసారికి మనసుకి రాలేదు.

ఆ వారం ఒక్క గది తెరలు కుట్టారు. చివరి రోజున హెడ్ నర్సు వచ్చి తెర లాగి చూసింది. చప్పుడు లేకుండా సాగింది. వంగి తెర కిందుగా అవతలి గోడని చూసి, ఇప్పుడు ఏ పిల్లాడు ఏ మంచం కింద దూరాడో నాకు తెలుస్తుందమ్మా, ఇలాగే మిగతావీ కుట్టండి అంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మేనల్లుడు జరిగిందంతా ఆయనకి ముందే చెప్పినట్టున్నాడు. ఏ రకంగా చెప్పాడో గాని, ఆయన విన్నది ఇంకో రకంగా విన్నాడు.

"పదమూడు చూపించేది మీ అమ్మా?" అని కూతుర్ని అడిగాడు. "ఆ సంగతి తెలిస్తే గుమ్మంలో ఆ కూత కూసేవాణ్ని కాదు. నేనూ చిన్నప్పుడు ఇలాగే భయపడేవాణ్ని. డబ్బొచ్చాక మానేశాను, మానేశాకే నడుం పట్టేసింది."

మేనల్లుడి వైపు చెయ్యి చాచి తాళాలగుత్తి తీసుకున్నాడు. దాన్ని కూతురి చేతిలో పెట్టి, రేపట్నుంచి తలుపు నువ్వే తియ్యి అన్నాడు. మేనల్లుడికి పెద్ద బాధేమీ కలిగినట్టు లేదు. పొద్దున్నే లేచే పీడ వదిలిందని ఓవర్‌లాక్ అమ్మాయితో అన్నాడట.

అందరూ వెళ్లేముందు కూతురు మిగతా గదుల కాగితం తీసింది. ఎలాగూ ఉన్నారుగా, అంకెలు చూపించి వెళ్లండంది. ముక్కలు బోర్లా పడ్డాయి. ఊఁ అనగానే తిరిగాయి. మాస్టారిది మూడు, ఓవర్‌లాక్ అమ్మాయిది మూడు, ఇస్త్రీ ఆయనది మూడు.

తల్లిది పదమూడు.

అమ్మయ్య అన్నారెవరో. మాస్టారు స్టూలు దగ్గరికి లాక్కుని, చెప్పు చెల్లెమ్మా, ఎవరూ అడ్డురారు అన్నాడు. తల్లి గొంతు సవరించుకుంది. ఒకవేళ పిల్లలు పొట్టి తెరని కూడా పట్టుకుని ఊగితే, కమ్మీ ఊడి మీద పడదా అంది. మాస్టారు నవ్వలేదు. చెవి వెనకనున్న పెన్సిలు తీసి, కమ్మీ బిగింపు చూసి రావాలని ఒక కాగితం మీద రాసి, తనే గోడకి అంటించాడు.

షెడ్డు తలుపు మూసి కూతురు తాళం వేసింది. తల్లి ముందుకొచ్చి ఒకసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది. చెంగుతో చేతులు తుడుచుకుని నడక మొదలుపెట్టింది.

"ఒక్కసారేనా?" అంది కూతురు.

"చాలు. ఇవాళ్టికి భయపడాల్సినంతా భయపడ్డాను."

వీధి మలుపు దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లారు. మలుపు దగ్గర కూతురు ఆగింది. వెనక్కి చూసింది. మళ్లీ తల్లిని చూసింది. ఇప్పుడే వస్తానుండు అని గబగబా షెడ్డు వైపు వెళ్లి, తాళం ఇంకోసారి లాగి చూసి వచ్చింది.

తల్లి నవ్వాపుకుంటూ కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.